మన పెద్ద స్త్రీలు ఏల నడువకున్నారు?

పంట ఇల్లు చేరిన పిమ్మట రైతు తన బండిని, నాగలిని, నీటి యంత్రమును ఒకమారు పరికించి చూచుకొనును. ఏ ఇరుసు అరిగినదో, ఏ మర బిగిసినదో కనుగొని చమురు పెట్టును. మూలను పడియున్న యంత్రము నిత్యము నడచు యంత్రము కంటె ముందుగా త్రుప్పు పట్టునని అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. కాని అదే ఇంటిలో నలువది యేండ్లు నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి, నేడొక మూల మంచముపై కూర్చున్న తల్లి కీళ్ళు బిగిసిపోవుచున్న సంగతి మనలో ఎందరము గమనించుచున్నాము?

సహకార పత్రికలో స్త్రీల వ్యాయామమునకు చోటేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. సంఘమునుండి అప్పు పొందిన కుటుంబము వాయిదా తీర్చలేకపోవుటకు వాన లేకపోవుట, ధర పడిపోవుట యను కారణములతోపాటు ఇంటిలోని జబ్బు కూడ ఒక కారణమగుట మన కార్యదర్శులకు, పాలకవర్గమువారికి విదితమే. ముదుసలి తల్లి జారిపడి తుంటి యెముక విరిగినచో ఒక కారు పంట రాబడి ఆసుపత్రిలో కరగిపోవును. ఆమెకు సేవ చేయుటకై కోడలో కూతురో పొలము పని మానవలసి వచ్చును. అన్నిటికంటె మిన్నగా, జీవితమంతయు ఇతరులకొరకు నడచిన యొక మనిషి తన తుది దినములను మంచమునకు అంటుకొని గడుపవలసి వచ్చును. కావున ఇది మన విషయమే.

సైదాబాదులో నేను చూచినది

మా పెద్దమ్మది దేవరకొండ ప్రాంతపు పల్లె. ఆమెకు ఊహ తెలిసినది మొదలు అరువది యేండ్లు దాటువరకు కాలు నిలిపి యెరుగదు. తెల్లవారక మునుపే లేచి పేడ తీయుట, బావి నుండి నీరు తోడుట, తిరుగలి విసరుట, ఆపైన పొలము. పెదనాన్న గతించిన పిమ్మట కుమారుడు ఆమెను హైదరాబాదులోని సైదాబాదుకు తీసికొని పోయెను. మాలు, యాచారము, ఇబ్రహీంపట్నముల మీదుగా వచ్చు సాగరు రోడ్డు నగరము ప్రవేశించుచోట చంపాపేట, సైదాబాదు మొదలగు వాడలు కలవు. ఆ మార్గపు పల్లెలనుండి కొలువులకై, పిల్లల చదువులకై వచ్చిన కుటుంబములు అక్కడ ఎన్నియో కాపురముండుట చూడనగును. వారి వెంట వారి తల్లులును వచ్చిరి.

పెద్దమ్మ ఉండునది రెండవ అంతస్తు. మూడేండ్లు గడచునప్పటికి ఆమె శరీరము బరువెక్కెను. మోకాళ్ళు పట్టివేసెను. రక్తములో చక్కెర పెరిగెను. వైద్యుడు మందులు వ్రాసి, "అమ్మా, రోజును అరగంట నడువవలెను" అని చెప్పెను. కుమారుడు కాన్వాసు బూట్లు కొని తెచ్చెను. అవి పెట్టెలోనే యుండిపోయెను. ఆరు నెలల పిమ్మట నేను నగరమునకు పోయినప్పుడు తమ్ముడు నాతో మొరపెట్టుకొనెను: "అన్నా, చెప్పి చెప్పి నోరు నొచ్చుచున్నది. సోమరితనము తప్ప వేరేమియు లేదు." నేనును ఆ మాట నమ్మి పెద్దమ్మకు అరగంటసేపు నీతులు బోధించితిని. ఆమె తల వంచుకొని వినెను గాని బదులు చెప్పలేదు.

మరునాడు ఇంటివారందరము చిలుకూరు బాలాజీ దర్శనమునకు పోతిమి. కోరిక కోరుకొనువారు 11 ప్రదక్షిణములు, అది నెరవేరినవారు 108 ప్రదక్షిణములు చేయుట అక్కడి ఆచారము. మనుమని పరీక్ష గట్టెక్కవలెనని పెద్దమ్మ మ్రొక్కుకొని యుండెను. జనసమ్మర్దములో, వట్టి కాళ్ళతో, ఎవరి చేయియు పట్టుకొనక, ఆమె 11 ప్రదక్షిణములును పూర్తిచేసెను. నడుమ ఎక్కడను కూర్చుండలేదు. నిన్నటి దినమున వీధి చివరి వరకు పోలేనన్న కాళ్ళు నేడిట్లు నడచినవేమి? అంతట నాకు సిగ్గు కలిగెను. లోపము కాళ్ళలో లేదు, మనస్సులోను లేదు. మరెక్కడనో యున్నది. నేను దానిని ఆమెను అడుగకయే తీర్పు చెప్పితిని.

ఆమె చెప్పిన కారణములు

ఆ సాయంకాలము మెల్లగా అడిగితిని. "నడువ శాతగాక కాదు బిడ్డా! పొద్దుగాల నేనెదురైతే, పనికి బోయెటోడు ఏమనుకుంటడు?" అని ఆమె అనెను. విధవ యెదురగుట అపశకునమను మూఢవిశ్వాసమును ఆమె పల్లెనుండి తన వెంట తెచ్చుకొని యున్నది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నూట నలువది యేండ్లు దాటినను, తెల్లవారుజామున వీధిలో అడుగు పెట్టుటకు ఒక తల్లి ఇంకను జంకుచున్నది. పల్లెలో ఆమె చేతిలో కొడవలియో గంపయో యుండెడిది. అది ఆమె బయటికి వచ్చుటకు అనుమతిపత్రము వంటిది. వట్టి చేతులతో, పనియేమియు లేక వీధిలో నడచుట యన్నది ఆమె జీవితమున ఎన్నడును చేసి యెరుగనిది. గుడికి పోవునప్పుడు మాత్రము ఆ అనుమతి దేవుని పేరిట దొరకినది.

రెండవ కారణము వీధి. కాలిబాట యన్నది పేరునకే కలదు. దానిపై దుకాణముల సరకులు, నిలిపిన మోటారుసైకిళ్ళు. దిగి నడచిన వెనుకనుండి ఆటోలు. కుక్కల గుంపులు వేరు. వానకాలమున ఎక్కడ మోరీ మూత తొలగియున్నదో తెలియదు. 2020 అక్టోబరు నెలలో హైదరాబాదున కుండపోతగా వాన కురిసి అనేక వాడలు జలమయములైనప్పటి భయము ముసలివారి మనస్సులనుండి ఇంకను పోలేదు. వేసవిలోనన్ననో పొద్దెక్కినచో తారురోడ్డు పొయ్యివలె కాలును.

మూడవది వేళ. "పొద్దున్నే నడువుము" అని అందరును చెప్పుదురు. కాని పొద్దున కుళాయి నీరు పట్టవలెను, కోడలు ఉద్యోగమునకు పోవలెను, పిల్లలకు డబ్బాలు కట్టవలెను, వారిని బండి యెక్కించవలెను. ఇంటిలో అందరికంటె తీరికగా ఉన్నదని మనము తలచు ముదుసలి చేతులమీదనే ఇంటి ఉదయము నడచుచున్నది. సాయంకాలమున మరల పిల్లలు వచ్చు వేళ.

నాలుగవది భయము, అందును ఇంటివారు కలిగించిన భయము. పొరుగింటి వృద్ధురాలు స్నానాలగదిలో జారిపడి తుంటి విరుగగొట్టుకొని, మరల నిలిచి నడువలేదు. నాటినుండి తమ్ముడు, "ఒక్కతెవు మెట్లు దిగవద్దు, పడెదవు" అని హెచ్చరించుచుండెను. ఆ నోటితోనే "నడువవేమి?" అని గద్దించుచుండెను. దిగవద్దన్న మాట, నడువుమన్న మాట ఒకే నోట వినిన ముసలితల్లి దేనిని పాటించును? రెంటిలో సులభమైనదానిని పాటించి కూర్చున్నది.

ఐదవది నొప్పి. నొప్పి యున్నప్పుడు నడచినచో కీలు ఇంకను అరిగిపోవునని ఆమె నమ్మిక. ఆరవది బూట్లు. చీరక్రింద తెల్లబూట్లు తొడిగి వీధిలో పోయిన నలుగురు నవ్వుదురని సిగ్గు. ఏడవ కారణమును ఆమె నాతో చెప్పలేదు. ఎంతయో కాలమునకు కోడలితో చెప్పెను. దగ్గినను, వేగముగా నడచినను మూత్రము ఆగదు. దారిలో స్త్రీలకు మరుగుదొడ్డి కానరాదు. ఈ బాధ వయసు మళ్ళిన స్త్రీలలో, అనేక కాన్పులైన వారిలో మిక్కిలి సాధారణము. కాని దీనిని కుమారునితో చెప్పు తల్లి ఎవరు? చెప్పలేక "నాకు ఓపిక లేదు" అని యొక మాటతో ముగించును. మనము దానిని సోమరితనమని వ్రాసికొందుము.

ఇది ఒక ఇంటి ముచ్చట గాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు తదితరులు 2024 జూన్ నెలలో ప్రకటించిన లెక్కలనుబట్టి, 2022వ సంవత్సరమున మన దేశపు వయోజనులలో ఇంచుమించు సగముమంది చాలినంత శరీరశ్రమ లేనివారు. పురుషులలో నూటికి 42 మంది యిట్లుండగా స్త్రీలలో నూటికి 57 మంది యిట్లున్నారు. 2000 సంవత్సరమున దేశము మొత్తము మీద ఈ లెక్క నూటికి 22 మాత్రమే. ఒక తరము గడవక మునుపే ఇంత మార్పు వచ్చినది.

2005 మొదలు 2007 వరకు లక్నో, నాగపూరు, హైదరాబాదు, బెంగుళూరు నగరముల కర్మాగారములలో ఒక పరిశోధన జరిగెను. పల్లెనుండి వచ్చి పట్టణమున స్థిరపడిన వారిని, పల్లెలోనే నిలిచిన వారి తోబుట్టువులను పోల్చి చూచిరి. ఒకే తల్లి బిడ్డలైనను, పట్టణమునకు వచ్చినవారిలో స్థూలకాయము, మధుమేహము అధికముగా కనబడినవి. పుట్టుక మారలేదు, రక్తము మారలేదు. మారినది బ్రతుకు తీరు.

అయితే పల్లెలో నున్నవారము మనము క్షేమమని తలచుట పొరపాటు. తిరుగలి పోయి పిండిమర వచ్చినది. రోకలి పోయి మిల్లు వచ్చినది. బావి పోయి కుళాయి వచ్చినది. దున్నుటకు ట్రాక్టరు, కోతకు యంత్రము, కలుపునకు మందు. ఇవి యన్నియు మంచివే. మన తల్లుల నడుములను విరిచిన చాకిరి తగ్గినందుకు మనము సంతోషింపవలెను. కాని ఆ చాకిరితోపాటు కదలికయు పోయినది, దాని స్థానమున వేరొకటి రాలేదు. నేడు పల్లెలోని ముదుసలి స్త్రీయు అరుగుమీదనుండి టెలివిజను ముందరికి, అక్కడినుండి మంచము మీదికి మాత్రమే నడచుచున్నది.

పొలము పని చేయువారికి వ్యాయామమేల?

"మా యింటి ఆడువారు దినమంతయు పనిచేయుచున్నారు, వారికి వేరే వ్యాయామమేల?" అని చాలమంది రైతులు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఇంటి పనియైనను, పొలము పనియైనను శరీరశ్రమయే. దానిని లెక్కలోనుండి తీసివేయరాదు. కాని నాటు వేయు స్త్రీ గంటల తరబడి వంగి యుండును. కలుపు తీయు స్త్రీ గొంతుకూర్చుండి యుండును. ఏండ్ల తరబడి ఇట్లు వంగుట, గొంతుకూర్చుండుట మోకాళ్ళను అరుగదీయును గాని, తొడల కండకు బలమును, దేహమునకు నిలుకడను పూర్తిగా నీయదు. ఒకే చేనిలో ఒకే పంట ఏటేట వేసిన నేల ఒక సారమును కోల్పోవునట్లు, ఒకే విధమైన పని శరీరమున కొన్ని భాగములను అరుగదీసి, కొన్నిటిని వాడకయే విడిచిపెట్టును.

అదియు గాక, ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలలో సాంద్రత వేగముగా తగ్గును. వయసుతో కండ కరగును. ఎండ సోకక ఇంటిలోనే యుండువారికి డి విటమిను కొరత కలుగును. ఈ మూడును కూడినప్పుడు చిన్న జారుపాటునకే ఎముక విరుగును. కండకు, ఎముకకు బలమిచ్చునది మందుబిళ్ళ యొక్కటియే కాదు. వానిపై బరువు పడునట్లు నిలుచుట, నడచుట, లేచుట అవసరము.

నొప్పి యున్న మోకాలికి నడక హానియను నమ్మిక సరి కాదు. అరిగిన మోకాళ్ళ నొప్పికి తగు మాత్రపు నడకయు, తొడ కండలకు బలమిచ్చు అభ్యాసములును మేలు చేయునని వైద్యశాస్త్రము స్థిరపరచినది. అట్లే, 60 యేండ్లు దాటినవారిపై వివిధ దేశములలో జరిగిన నూరునకు పైబడిన ప్రయోగములను కలిపి చూచిన యొక సమీక్ష 2019లో వెలువడెను. వ్యాయామము చేయువారిలో పడిపోవుటలు నూటికి 23 వంతులు తగ్గినవని అందు తేలినది. పడుదురను భయముతో కూర్చుండబెట్టుట వలన పడు ప్రమాదము తగ్గదు, పెరుగును.

ఎంత చేయవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన నియమములనుబట్టి 65 యేండ్లు దాటినవారికి వారమునకు 150 నిమిషములు మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ కావలెను. అనగా రోజునకు అరగంట చొప్పున వారమున ఐదు రోజులు. వారమున రెండు రోజులైనను కండకు బలమిచ్చు అభ్యాసములు, మూడు రోజులైనను నిలుకడ కుదురు అభ్యాసములు చేయవలెను. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయుట మేలు. ఏమియు చేయకుండుట కంటె కొంచెమైనను గుణమిచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములు 17. ఆహారమును గూర్చిన ఆ నియమములలో శరీరశ్రమకును చోటు కల్పింపబడినది.

మధ్యరకపు శ్రమ యనగా నేమి? నడచుచు మాటలాడ గలుగవలెను గాని పాట పాడలేనంత ఊపిరి ఆడవలెను. ఇది కొలతబద్ద. గడియారము, యంత్రము అక్కరలేదు.

కండబలమునకు: గోడకు ఆనించిన కుర్చీపై కూర్చుండి, వీలైనంతవరకు చేతుల సాయము లేక లేచి నిలిచి, మరల మెల్లగా కూర్చుండవలెను. మొదట ఐదు సార్లు చాలును. వారములు గడచినకొలది పది వరకు పెంచవచ్చును. నిలుకడకు: గోడ పట్టుకొని మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట, పిమ్మట గోడ ప్రక్కనే ఒంటికాలిపై కొన్ని క్షణములు నిలుచుట. మూత్రము ఆగనివారు, మూత్రము పట్టి నిలుపునప్పుడు బిగించు కండలనే ఖాళీగా నున్నప్పుడు బిగించి వదలు అభ్యాసమును దినమునకు కొన్నిమార్లు చేసినచో చాలమందికి గుణము కనబడును. ఆరోగ్య కార్యకర్తను గాని వైద్యురాలిని గాని అడిగి నేర్చుకొనవలెను.

జాగ్రత్తలును కలవు. గుండెజబ్బు, అధిక రక్తపోటు కలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను. ఛాతీలో నొప్పి, మితిమీరిన ఆయాసము, తల తిరుగుట కలిగినచో వెంటనే ఆపవలెను. ఆ బాధ తగ్గకున్న ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. చక్కెరజబ్బునకు మందు తీసికొనువారు ఏమియు తినక నడువరాదు. కొంగున బెల్లపు ముక్కయో చక్కెరయో కట్టుకొని పోవలెను. వట్టి కాళ్ళతో నడువరాదు. ఇంటికి వచ్చిన పిమ్మట పాదములకు పుండ్లు, బొబ్బలు కలవేమో చూచుకొనవలెను. ఎండవేళ నడక కూడదు.

అడ్డంకులను తొలగించు విధము

సైదాబాదులో తమ్ముని యింట జరిగినది చెప్పెదను. ఉదయపు నడక మానివేసి, సాయంకాలమును ఎన్నుకొనిరి. శకునభయము దానితో తీరెను. ఆ వేళ పిల్లలను గంటసేపు కోడలో తమ్ముడో చూచుకొనుటకు ఒప్పుకొనిరి. వీధి యోగ్యము గానందున మొదటి నెల మేడమీది డాబాపైననే నడచిరి. క్రింది వాటాలోని ముసల్మాను వృద్ధురాలు, పెద్దమ్మ ఆపా యని పిలుచు ఆమె, తానును అదే బాధతో నున్నదని తెలిసెను. సాయంకాలపు నమాజు ముగించుకొని ఆమెయు డాబాపైకి వచ్చుట ఆరంభించెను. ఒకరిదొకరు మాట పూర్తిగా రాకున్నను, మోకాళ్ళ భాష ఇద్దరికిని తెలియును. తోడు దొరకిన నాటినుండి నడువుమని చెప్పవలసిన పని తమ్మునికి తప్పినది. ఒకతె రానిచో రెండవ యామె మెట్లు ఎక్కి తలుపు తట్టుచున్నది.

మెట్ల ప్రక్క పట్టుకొనుటకు ఇనుపకమ్మి వేయించిరి. స్నానాలగదిలో జారని పలక పరచిరి. బూట్లకు బదులు వెనుక పట్టీ గల మెత్తని చెప్పులు కొనిరి. చీరక్రింద అవి ఎవరికిని వింతగా తోచవు. కొన్ని నెలలకు ఇద్దరును బస్సెక్కి కర్మనఘాటు హనుమంతుని గుడి వరకు పోవుటకు ధైర్యము తెచ్చుకొనిరి. ఆపా గుడి బయట నీడలో తిరుగుచుండగా పెద్దమ్మ లోపల ప్రదక్షిణములు చేయును. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము మొదలైనందున టిక్కెట్టు డబ్బులకై కుమారుని అడుగవలసిన పని లేకపోయినది. చేయి చాచనక్కరలేకుండుట ముసలివారికి ఎంత బలమో, చాచి యెరిగినవారికే తెలియును.

మోకాళ్ళు పూర్తిగా బాగుపడినవని చెప్పిన అది అబద్ధమగును. వానకాలమున నొప్పి ఇప్పటికిని వచ్చును. మందులును మానలేదు. కాని చక్కెర అదుపులోనికి వచ్చినది. రాత్రి నిద్ర పట్టుచున్నది. రెండంతస్తులు దిగి పాలు తానే తెచ్చుకొనుచున్నది. "ఇగ నన్ను ఒకరు లేపనక్కరలేదు" అని యామె నాతో చెప్పినప్పుడు ఆ ముఖమున కనబడిన తృప్తిని నేను మరువజాలను.

మన సంఘము చేయదగినది

సహకారోద్యమము మనకు నేర్పిన మొదటి పాఠము, ఒక్కొక్కరు అందరికొరకు, అందరు ఒక్కొక్కరికొరకు అనునది. ఒంటరిగా చేయలేని పని కూడి చేసిన సులభమగును. ముదుసలి స్త్రీల నడకయు అట్టిదే. ఒక్కతె నడచిన నలుగురు నవ్వుదురు. పదిమంది నడచిన నవ్వువారే సిగ్గుపడుదురు. దీనికి మనయెదుటనే నిదర్శనము కలదు. బతుకమ్మ దినములలో అరువది, డెబ్బది యేండ్ల స్త్రీలు చప్పట్లు చరచుచు, వంగి లేచుచు, గంటలకొలది వలయముగా తిరుగుదురు. వారిని ఎవరును నవ్వరు. వారికి అలసటయు తోచదు. పాట, తోడు, పదిమంది ఆమోదము, వెలుతురు గల చదునైన నేల: ఈ నాలుగును ఉన్నందుననే అది సాగుచున్నది. ఏటికి తొమ్మిది దినములు దొరకు ఈ నాలుగింటిని తక్కిన దినములలో మనమేల కల్పింపరాదు?

ధాన్యపు కొనుగోళ్ళు లేని కాలమున మన సంఘ గోదాముముందరి సిమెంటు కల్లము ఖాళీగా పడియుండును. సాయంకాలము ఒక గంట దానికి దీపము వెలిగించి స్త్రీలకు విడిచిపెట్టవచ్చును. పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద వెలసిన ప్రకృతి వనములు ఏయే గ్రామములలో బాగుగా నున్నవో అక్కడ వానిని వాడుకొనవచ్చును. త్రోవలోని మోరీకి మూత, ప్రక్కన శుభ్రమైన మరుగుదొడ్డి, కూర్చుండుటకు రెండు రాతిబల్లలు ఉండునట్లు పంచాయతీవారితో మాటలాడవలెను. మహిళాసంఘముల నెలవారీ సమావేశమున పొదుపు లెక్క ముగిసిన పిమ్మట పది నిమిషములు కుర్చీ అభ్యాసము చేయవచ్చును. ఇందుకు పెట్టుబడి చాల తక్కువ, వాటాధనము అక్కరలేదు.

ఇక సభ్యులు తమ యిండ్లలో చేయవలసిన పని యొకటి కలదు. ఈ సంచిక చదివి ముగించిన పిమ్మట తల్లికడకో, అత్తకడకో, పెద్దక్కకడకో పోయి, "నడువుమమ్మా" అని చెప్పవలదు. "నడుచుటకు నీకు అడ్డేమి?" అని అడుగుడు. మగవారితో చెప్పలేని సంగతి కోడలో కూతురో కనుగొనవలెను. చెప్పిన దానిని త్రోసిపుచ్చక వినుడు. వినిన దానిలో మీ చేతనైనది ఒకటి ఈ వారమే తొలగింపుడు: ఒక చెప్పులజత, ఒక పట్టుకమ్మి, ఒక దీపము, ఒక గంట తీరిక, ఒక తోడు.

అప్పును ఒక్కమారుగా తీర్చలేని రైతునకు మన సంఘము వాయిదాలు కట్టి యిచ్చుచున్నది. చిన్న వాయిదాలైనను తప్పక కట్టినచో పెద్ద అప్పును తీరును. మన తల్లులకు మనము పడిన ఋణమును అట్లే తీర్చుట మొదలిడుదము. దినమునకు పావుగంట మొదటి వాయిదా.